నున్నటి ఫొటోలు, మొండి బాకీలు

రిటచింగ్ నేర్పే వీడియోలకు యూట్యూబ్‌లో కొదవలేదు. మొటిమలు తీయడం, మెడ మీద ముడతలు సర్దడం, వీడియో లైటు పడి పాలిపోయిన నుదుటికి మళ్లీ రంగు తెప్పించడం, అన్నీ తెలుగులోనే దొరుకుతాయి. అంత పనీ చేశాక డబ్బులు చేతికి రాకుండా జాగ్రత్తపడటం ఎలాగో మాత్రం ఎవరూ చెప్పరు. చాలామంది స్వయంకృషితోనే ఆ విద్యలో ఆరితేరారనుకోండి. అయినా ఇంట్లో ఒక మూల కంప్యూటరు పెట్టుకుని పెళ్లి ఆల్బమ్‌లూ చీరల క్యాటలాగులూ చేసిపెట్టే తమ్ముళ్లు, చెల్లెళ్లు కొందరు ఇప్పటికీ అమాయకంగా అనుకున్న రోజుకి డబ్బులు పుచ్చేసుకుంటున్నారు. ఈ సలహాలు వాళ్ల కోసం.

మొదటి జాగ్రత్త రేటు దగ్గర. "ఎంత తీసుకుంటావ్ తమ్ముడూ?" అని స్టూడియో అన్న అడిగితే అంకె మీ నోట్లోంచి రాకూడదు. "మీకు తెలియనిదేముంది అన్నా, మీరే చూసి ఇవ్వండి" అనాలి. ఆయన చూస్తాడు. మీరు కోరినవాటిలో సగం అక్కడికక్కడే నెరవేరినట్టు.

పొరపాటున షీటుకు ఇంతని చెప్పారో, 40 షీట్ల ఆల్బమ్‌కి ఎంతవుతుందో ఎవరైనా లెక్కగట్టేస్తారు. బాకీకి ఒక అంకె వచ్చేస్తుంది. అంకె వచ్చాక అడగడం మీకు తేలిక, ఎగ్గొట్టడం ఆయనకు కష్టం. చెప్పక తప్పని పరిస్థితే వస్తే, పనేమిటో అడక్కుండా "ఫొటోకి ఇంత" అని గుండుగుత్తగా చెప్పేయండి. పెళ్లికూతురి క్లోజప్పూ ఒక ఫొటోనే, వేదిక మీద వియ్యాలవారు 22 మంది నిలబడ్డ గ్రూపూ ఒక ఫొటోనే. ఆ గ్రూపులో మేనత్తగారు కళ్లు మూసేసి ఉంటారు. పక్క ఫ్రేములో ఆవిడ కళ్లు తెరిచారు గానీ తల కాస్త కుడికి తిరిగింది. ఆ కళ్లు తెచ్చి ఈ మొహానికి అతకాలి, వంపు సరిచేయాలి, కళ్లజోడు ఫ్రేము మళ్లీ గీయాలి, అద్దం మీద ఫ్లాష్ మెరుపు తుడవాలి. ఆ పని ముగిసేసరికి వెనక వరసలో ఇంకెవరో నోట్లో లడ్డూతో దొరికిపోతారు. గంటన్నర పడుతుంది. క్లోజప్పు రేటే.

అడ్వాన్సు ఊసు అసలు ఎత్తొద్దు. అడ్వాన్సు అడగడమంటే ఎదుటి మనిషిని అనుమానించడమేనని మీకు చిన్నప్పటి నుంచీ ఎవరో నేర్పే ఉంటారు. ఆ మాట మరిచిపోకండి. ఆ పెళ్లికే ఫంక్షన్ హాలువాళ్లు అడ్వాన్సు తీసుకున్నారు. వంటవాళ్లు తీసుకున్నారు. మేళంవాళ్లు, డెకరేషన్‌వాళ్లు, డ్రోన్ కుర్రాడు తీసుకున్నారు. మీకు పని తెచ్చిన ఫొటోగ్రాఫరన్న కూడా పెళ్లివారి దగ్గర అడ్వాన్సు తీసుకున్నాకే డేటు బ్లాక్ చేశాడు. అంతమందిలో అడ్వాన్సు లేకుండా పనిచేసే మహానుభావులు మీరొక్కరే. ఆ పేరు పోగొట్టుకోవద్దు.

ఇక అసలు కీలకం. ఫైళ్లు ముందు, డబ్బులు తర్వాత. ఈ ఒక్క సూత్రం నిష్ఠగా పాటిస్తే మిగతావి మరిచిపోయినా ఫరవాలేదు. పని అయిన రాత్రే 12×36 షీట్లన్నీ ఫుల్ రిజల్యూషన్‌లో డ్రైవ్‌లోకి ఎక్కించి లింకు పంపేయండి. చిన్న సైజు జేపెగ్‌ల మీద వాటర్‌మార్కు వేసి "చూసుకోండన్నా, ఓకే అని బ్యాలెన్స్ వేస్తే ఒరిజినల్స్ పంపుతా" అనేవాళ్లు కొందరున్నారు. వాళ్లకి డబ్బులు వస్తున్నాయి కూడా. అలాంటివాళ్లతో తిరగకండి. కుదిరితే జేపెగ్‌లతో ఆగక, లేయర్లు కలిపేయకుండా పీఎస్‌డీలు కూడా ఇచ్చేయండి. వచ్చే పెళ్లికి అందులో మొహాలు మార్చుకుని మీ అవసరమే లేకుండా ఆయన పని జరిగిపోతుంది.

లింకు వెళ్లాక మీరు "అన్నా, అమౌంట్..." అంటారు. "పార్టీ ఇంకా ఇవ్వలేదు తమ్ముడూ, పార్టీ ఇవ్వగానే నీకే ఫస్టు" అంటాడు. నమ్మండి. ఇక్కడ ఒక చిన్న వివరం గమనించకుండా ఉండటం చాలా ముఖ్యం. ఆ అన్న పార్టీకి ఆల్బమ్ ఎప్పుడిస్తాడు? బ్యాలెన్స్ లెక్కపెట్టుకున్నాక. అప్పటిదాకా ఆ ఆల్బమ్ ఎర్ర వెల్వెట్ పెట్టెలో, స్టూడియో బీరువాలో ఉంటుంది. పెళ్లికూతురి తండ్రి ఫోన్ మీద ఫోన్ చేస్తున్నా ఆయన చలించడు. ప్రింటింగ్ ల్యాబు కూడా ఆయన దగ్గర డబ్బు తీసుకోనిదే ఆల్బమ్ చేతికివ్వదు. అంటే వస్తువు చేతిలో ఉండగానే డబ్బు వసూలు చేసుకోవాలని ఈ వ్యాపారంలో అందరికీ తెలుసు. తెలియనట్టు ఉండాల్సింది మీరొక్కరే.

మరీ నిలదీసినట్టు వినిపిస్తే ఆయన అభయమిస్తాడు: "డబ్బులెక్కడికి పోతాయి తమ్ముడూ!" నిజమే. ఎక్కడికీ పోవు. ఆయన దగ్గరే ఉంటాయి.

పాతకాలంలో ఈ సౌకర్యం ఉండేది కాదు. ఫిల్ము రోజుల్లో టచింగ్ చేసే మనిషి స్టూడియోలోనే వెనక గదిలో కూర్చునేవాడు. సన్నగా చెక్కిన పెన్సిల్‌తో నెగటివ్ మీద మచ్చలు పూడ్చేవాడు, నలుపు తెలుపు బొమ్మలకు రంగులద్దేవాడు. శనివారం సాయంత్రం యజమాని గల్లాపెట్టె మూసే ముందు ఎదురుగా వెళ్లి నిలబడితే చాలు, కూలి ఇవ్వక తప్పేది కాదు. 1990లో ఫోటోషాప్ వచ్చింది, తర్వాత ఇంటింటికీ కంప్యూటరు, ఆ తర్వాత నెట్టు. వెనక గది మనిషి తన ఇంటికి తాను వెళ్లిపోయాడు. ఇప్పుడు గల్లాపెట్టె ముందు నిలబడేవాడు లేడు. వాట్సాప్‌లో రెండు నీలం టిక్కులు ఉంటాయంతే.

దీనికి తోడు మీ పనికి పుట్టుకతోనే ఒక గుణం ఉంది. బాగా చేస్తే కనపడదు. ఆల్బమ్ తిరగేసినవాళ్లు "పిల్ల ఎంత కళగా ఉంది!" అంటారు, లేదా "ఫొటోగ్రాఫర్ భలే తీశాడు" అంటారు. దండ వెనక నుంచి పొడుచుకొచ్చిన వీడియోగ్రాఫర్ మోచెయ్యి ఏమైందని ఒక్కరూ అడగరు. చెంప మీద అంటుకున్న తలంబ్రాల బియ్యం ఏరి, చెదిరిన కుంకుమ సర్ది, జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో అడ్డొచ్చిన సెల్‌ఫోన్లు ఏడింటిని మాయం చేశారని ఎవరికి తెలుస్తుంది? తెలియనివ్వకండి. ముందు ఇలా ఉంది, తర్వాత ఇలా అయింది అని రెండూ పక్కపక్కన పెట్టి క్లయింటుకు చూపిస్తే పని విలువ అర్థమై డబ్బులిచ్చే ప్రమాదం ఉంది.

మార్పుల విషయానికొద్దాం. "ఒక చిన్న చేంజ్ అన్నా" అనే మాట వినగానే ఎన్నో చేంజ్ అని అడగకూడదు. రెండుసార్లు ఉచితం, మూడోసారి నుంచి ఇంత అని ముందే రాసుకుంటే ఆ చిన్న చేంజ్‌లు హఠాత్తుగా ఆగిపోతాయి. అప్పుడు మీకు పొద్దుపోయేదెలా?

చీరల దుకాణం పని చేసేవాళ్లకు ఇందులో అవకాశం ఎక్కువ. నెమలిపింఛం రంగు పట్టుచీర ఒకటి వస్తుంది. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు. ఒక వాలు నుంచి నీలం, మరో వాలు నుంచి ఆకుపచ్చ. మోడల్ మీద తీసిన ఫొటోలో నీలం ఎక్కువైంది, మడత పెట్టి తీసినదాంట్లో ఆకుపచ్చ. దుకాణంవాళ్లు ఆకుపచ్చ పెంచమంటారు, పెంచుతారు. సాయంత్రం ఓనరుగారి కోడలు తన ఫోన్‌లో చూసి జరీ రాగిరంగులోకి వెళ్లిందంటుంది, తగ్గిస్తారు. మర్నాడు ఓనరుగారు ట్యూబులైటు కింద చీర పరిచి, ఎదురుగా ఫోన్ పెట్టి, "రెండూ ఒకటేనంటావా?" అంటారు. వాళ్లందరి ఫోన్లలో స్క్రీను బ్రైట్‌నెస్ ఒకటి కాదనీ, ట్యూబులైటు కింద పట్టు రంగు మారుతుందనీ మీకు తెలుసు. చెప్పకండి. "చేసేద్దాం సార్" అనండి. కలర్ ఓకే అని మెసేజ్ పెట్టాకే తర్వాతి చీర మొదలుపెడతాననడం అహంకారం కిందికి వస్తుంది.

ఇంకో రకం చేంజ్ ఉంది. దాన్ని హాస్యానికి వాడుకోవడానికి మనసొప్పదు. కిందటేడు పోయిన నాన్నగారిని పీటల మీద అమ్మ పక్కన కూర్చోబెట్టమంటారు. ఇచ్చేది ఆధార్ కార్డు ఫొటో, లేదా ఎప్పటిదో గ్రూపులోంచి కోసిన వేలిగోరంత మొహం. ఆ పని మనసుపెట్టి చేయండి, డబ్బు తీసుకున్నా తీసుకోకపోయినా మీ ఇష్టం. ఫొటోగ్రాఫరన్న మాత్రం పార్టీ దగ్గర దానికి విడిగా తీసుకుంటాడని తెలిసుండటం మంచిది.

ఇప్పుడు డబ్బులు అడగడానికి ముహూర్తం. దీని మీద మన పంచాంగం చాలా ఉదారంగా ఉంది. పెళ్లిళ్ల సీజనులో అడగకూడదు, అన్న ఊపిరాడక తిరుగుతుంటాడు. ఆషాఢంలో అడగకూడదు, పెళ్లిళ్లు ఉండవు. మూఢంలో అంతకన్నా అడగకూడదు, "మూఢం కదా తమ్ముడూ, స్టూడియో అద్దె కూడా కట్టలేదు" అంటే మీరే జేబులోంచి తీసి ఇవ్వాల్సి వస్తుంది. మంగళవారం, శుక్రవారం లక్ష్మిని బయటికి పంపరు. అమావాస్య పనికిరాదు. పొద్దున్నే అడిగితే బోణీ కాలేదంటారు, దీపాలు పెట్టాక ఎలాగూ ఇవ్వరు. ఇవన్నీ పోగా మిగిలిన మధ్యాహ్నం ఆయన భోంచేసి కునుకు తీస్తుంటాడు. ఇంత నిండైన క్యాలెండరు ఉండగా "5వ తారీఖు సాయంత్రంలోగా" అని ఒక గడువు రాసి పంపడం మోటుతనం.

అడిగే తీరు కూడా ఉంది. "అన్నా, బాగున్నారా? పిల్లలు బాగున్నారా? మొన్న స్టేటస్‌లో పెట్టిన రీలు సూపరన్నా" అని మొదలుపెట్టి, ఆయన "థాంక్స్ తమ్ముడూ" అనగానే రెండు దండాలు పెట్టి ముగించాలి. అంకె, తారీఖు, ఏ పెళ్లి తాలూకు బాకీ అనేది ఒకే మెసేజ్‌లో ఎప్పుడూ కలవకూడదు. ఆ మూడూ కలిస్తే అది బిల్లు అయిపోతుంది. పాత బాకీ అలా ఉండగానే కొత్త పెళ్లి హార్డ్ డిస్క్ తెచ్చిస్తే కాదనకండి. పాతది క్లియర్ చేస్తేనే కొత్తది ముట్టుకుంటానంటే ఆయన అరగంటలో ఫోన్‌పే కొట్టేస్తాడు, ఇంతకాలం కాపాడుకున్న బాకీ కళ్లముందే కరిగిపోతుంది.

ఫ్లెక్సీ పనులు మరీ శ్రేష్ఠం. గల్లీ నాయకుడి పుట్టినరోజుకి అనుచరులు రాత్రి పదకొండింటికి వస్తారు. పైన పార్టీ పెద్దలు, మధ్యలో అన్న నిలువెత్తు బొమ్మ, కింద శుభాకాంక్షలు తెలిపే 30 తలకాయలు. ఎవరి తల ఎవరికన్నా అంగుళం పెద్దగా ఉండాలో వాళ్లలో వాళ్లకే తేలదు. ప్రతి మొహానికీ నిగారింపు కావాలి, అన్నకి మీసం కాస్త దట్టం కావాలి. తెల్లారేసరికి ఫ్లెక్సీ కడతారు, మూడోనాటికి మున్సిపాలిటీవాళ్లు పీకేస్తారు. డబ్బులకు వెళ్తే ఆ రాత్రి వచ్చినవాళ్లలో ఆర్డరిచ్చిందెవరో ఎవరికీ గుర్తుండదు. ఒక ఫోన్ నంబరూ, ముందుగా సగం డబ్బూ తీసుకుని ఉంటే గుర్తుండేది.

బంధువుల సంగతి వేరే చెప్పాలా? "మన మధ్య డబ్బులేమిట్రా" అన్న మాట వాళ్లు అనకముందే మీరే అనేయండి. అమెరికా అన్నయ్యల పనికి వాళ్ల పగలు మేలుకుని, ఎంతివ్వాలని వాళ్లు అడిగినప్పుడు "ఇండియా వచ్చినప్పుడు చూద్దాంలే" అనండి.

ఇక కాగితాలు. వీటికి వీలైనంత దూరంగా ఉండాలి, ఎందుకంటే చట్టం పొరపాటున మీ పక్షాన ఉంది. చిన్న పరిశ్రమల కోసం 2006లో ఎంఎస్ఎంఈడీ చట్టం చేశారు. సేవలందించేవాళ్లు కూడా దాని కిందికి వస్తారు. రాతపూర్వక ఒప్పందం లేకపోతే, పని అందుకున్న 15 రోజుల్లో కొన్నవాళ్లు డబ్బు చెల్లించాలి. ఒప్పందం ఉన్నా గడువు 45 రోజులు దాటడానికి వీల్లేదు. పని బాగాలేదనుకుంటే ఆ 15 రోజుల్లోపే రాతపూర్వకంగా చెప్పాలి, లేకపోతే అంగీకరించినట్టే లెక్క. గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడింతల వడ్డీ, నెలనెలా అసలుతో కలిపి చక్రవడ్డీ. రాష్ట్రంలో ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు, ఆన్‌లైన్‌లోనే చేసుకునేలా 2017లో సమాధాన్ పోర్టల్ పెట్టారు. కౌన్సిల్ తీర్పు నచ్చక అవతలివాళ్లు కోర్టుకెక్కాలంటే ఆ మొత్తంలో 75 శాతం ముందు డిపాజిట్ చేయాలి. సరిపోలేదన్నట్టు, ఇలా గడువు దాటించిన బాకీలను చెల్లించేదాకా ఖర్చు కింద చూపించుకోకుండా ఆదాయపు పన్ను చట్టంలో 2023లో ఒక మార్పు కూడా తెచ్చారు. క్యాటలాగు పని ఇచ్చే దుకాణాలకూ ఏజెన్సీలకూ వాళ్ల ఆడిటరు ఈ సంగతి చెప్పే ఉంటాడు.

ఇవన్నీ మీకు తగులుకోకుండా ఉండాలంటే చిన్న పరిశ్రమగా ఉద్యమ్ నమోదు చేసుకోకుండా ఉంటే సరి. 2020 జూలై నుంచి నడుస్తోంది. ఆధార్, పాన్ ఉంటే ఇంట్లో కూర్చునే అయిపోతుంది, రుసుము లేదు. అందుకే జాగ్రత్త. ఎప్పటికైనా చేసుకుందామని మనసు పీకితే, బాకీ మొండికేశాక చేసుకోండి. పని చేసేనాటికి నమోదే లేదని వాదించడానికి అవతలి లాయరుకి ఒక మాట దొరుకుతుంది.

బిల్లు రాయకండి. రాసినా నంబరు వేయకండి, తారీఖు వేయకండి, "ఫొటో వర్క్" అని రెండు మాటల్లో తేల్చేయండి. ఏజెన్సీవాళ్లు పాన్ అడిగితే రేపిస్తానని దాటేయండి. పాన్ ఇవ్వకపోతే టీడీఎస్ 20 శాతం దాకా కోస్తారు, కోసుకోనివ్వండి. ఒకవేళ ఇచ్చినా, ఆ కోత మీ పేరున జమైందో లేదో ఆదాయపు పన్ను పోర్టల్‌లో చూడటం, రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవడం వంటి చాపల్యాలు వద్దు.

ఎవరైనా చెక్కు ఇస్తే కళ్లకద్దుకుని పూజగదిలో పెట్టండి. "తొందరపడి వేయకు తమ్ముడూ, నేను చెప్పినప్పుడు వెయ్" అంటారు. ఆ చెప్పే రోజు కోసం ఓపిగ్గా చూడండి. చెక్కు మీదున్న తారీఖు నుంచి 3 నెలలు దాటితే అది మామూలు కాగితం. గడువులో వేస్తే బౌన్సయ్యే ప్రమాదం ఉంది, బౌన్సయితే ఇంకో తలనొప్పి. బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు పంపితే, అందుకున్న 15 రోజుల్లో ఆయన కట్టకపోతే, ఆ తర్వాత నెలలోగా కోర్టులో ఫిర్యాదు చేస్తే, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్ కింద క్రిమినల్ కేసవుతుంది. చాలామంది అన్నలు లాయరు నోటీసు చేతికి అందగానే మొత్తం కట్టేస్తారు. అంతదాకా తెచ్చుకోవడం మర్యాదస్తుల పని కాదు.

ఈ సలహాలన్నీ పాటించినా ఏదో ఒక బలహీన క్షణంలో "నా డబ్బులు నాకు కావాలి" అనిపించొచ్చు. దానికీ మందుంది. చేసిన పనికి డబ్బు రాబట్టుకోవడానికి సివిల్ దావా వేయాలంటే 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం పని పూర్తయిన నాటి నుంచి 3 ఏళ్ల గడువే ఉంది. ఈలోగా "ఇంత ఇవ్వాలి" అని అవతలి మనిషి రాసి సంతకం పెడితే గడువు మళ్లీ మొదటి నుంచి లెక్కకొస్తుంది. కాబట్టి అలాంటి కాగితం అడగకండి. 3 ఏళ్లూ మొహమాటపడి కూర్చోండి చాలు, మిగతాది చట్టమే చూసుకుంటుంది.